జింబాబ్వేలో ఇల్లెక్కడ, రాయెక్కడ?

మొన్న క్రికెట్ స్కోరు కింద ఒకరు "జింబాబ్వేలో ఉన్నది సింహం సింబాయేనా?" అని అడిగారు. కాదండీ. సింబా తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలీలోని మాట. జింబాబ్వేలో ఎక్కువమంది మాట్లాడే షోనాలో సింహం 'షుంబా'. ఈ పేరులో ఉన్నది ఇల్లు.

షోనాలో 'ఇంబా' ఇల్లు, 'జింబా' ఇళ్ళు. 'బ్వే' రాయి, 'మాబ్వే' రాళ్ళు. 'జింబా జ మాబ్వే' అంటే రాళ్ళతో కట్టిన ఇళ్ళు. మన బహువచనం మాట చివర 'లు'గా తగులుతుంది, వాళ్ళది మాట ముందే వచ్చి కూర్చుంటుంది. నడుమనున్న 'జ' మన 'యొక్క' లాంటిదే గానీ, ఇల్లు ఒక్కటే అయితే అది 'య' అయిపోతుంది. 'జింబా హ్వే', అంటే పూజనీయమైన ఇళ్ళు, నాయకుల నివాసాలు, సమాధులు అని ఇంకో వ్యుత్పత్తి కూడా చెబుతారు. నాకు రాళ్ళే నచ్చాయి.

కామెంటు: అర్థం సరే మాస్టారూ, దేశం మొత్తానికి ఆ పేరెందుకు?

జవాబు: మస్వింగో ఊరి దగ్గర గ్రేట్ జింబాబ్వే శిథిలాలున్నాయి. 11 నుంచి 15వ శతాబ్దం దాకా షోనాల పూర్వీకులు కట్టుకున్న రాజధాని. అక్కడి గ్రానైట్ కొండ పొరలు పొరలుగా ఊడుతుంది. ఆ పలకల్ని సున్నం, మట్టి ఏదీ లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి 11 మీటర్ల ఎత్తు గోడ లేపారు. బంగారం, దంతం సముద్రతీరానికి వెళ్ళేవి, చైనా పింగాణీ వచ్చేది.

1871లో కార్ల్ మౌక్ అనే జర్మన్ అక్కడికి వెళ్ళి, ద్వారం మీది దూలం చెక్కు తీసి చూశాడు. అది తన పెన్సిల్ కర్రలా ఉందట! కనుక దేవదారు, కనుక లెబనాన్ నుంచి వచ్చింది, కనుక కట్టించింది బైబిల్ కథల్లోని షేబా రాణి. ఒక్క పెన్సిల్‌తో అంత దూరం వెళ్ళాడు. 1890లో బ్రిటిష్ వ్యాపారి సెసిల్ రోడ్స్ కంపెనీ దళం వచ్చి భూమి ఆక్రమించుకున్నాక, కట్టింది ఆఫ్రికన్లు కాదనడానికి ఈ కథ బాగా పనికొచ్చింది. కట్టింది ఆఫ్రికన్లేనని 1905లో రాండల్ మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్ థామ్సన్ తవ్వి చూసి తేల్చారు. అయినా 1965లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఇయన్ స్మిత్ తెల్లవాళ్ళ ప్రభుత్వం, గైడు పుస్తకాల్లో ఆ మాట రానివ్వకుండా ఒత్తిడి తెచ్చింది.

అందుకే పోరాడేవాళ్ళు ఆ పేరే పట్టుకున్నారు. 1961లో పుట్టిన జాపూ, 1963లో చీలిన జానూ, రెండు పార్టీల పేర్లలోనూ జింబాబ్వే ఉంది. రోడ్స్ పేరు మీద అప్పటిదాకా రొడీషియా అనిపించుకున్న దేశం 1979లో కొన్ని నెలలు 'జింబాబ్వే రొడీషియా' అయింది. ద్వంద్వ సమాసమే గానీ ఆ రెండు పదాలకీ పొసగలేదు. 1980 ఏప్రిల్ 18న మొదటిదే మిగిలింది. శిథిలాల్లో దొరికిన రాతి పక్షి జెండా మీదికెక్కింది.

కామెంటు: రోడ్స్ సమాధి కూడా అక్కడేనటగా?

జవాబు: అవును, మటోబో కొండల్లో. అదే కొండల గుహల్లో వేటాడి బతికే సాన్ జనం వేల ఏళ్ళ కిందట వేసిన జంతువుల బొమ్మలున్నాయి. అక్కడ పాత కాపు ఎవరో ఆ బొమ్మల్నే అడగాలి.

కామెంటు: 'చిమురెంగా' అంటే తిరుగుబాటా అన్నా?

జవాబు: ఇప్పుడు ఆ అర్థమే. మురెంగా అన్న పూర్వీకుడి పేరుకు ముందు 'చి' చేర్చారు. భాషను 'చిషోనా' అన్నప్పుడూ ఇదే 'చి'. 1896–97లో కంపెనీ మీద లేచింది మొదటి చిమురెంగా. నెహాందా అనే పూర్వీకురాలి ఆత్మ పూనేదని నమ్మిన చార్వే అనే ఆమెను 1898లో ఉరితీశారు. రెండోది తెల్లవాళ్ళ ప్రభుత్వం మీద పోరు, 1979 లండన్ ఒప్పందం దాకా సాగింది.

కామెంటు: మన ఓరుగల్లూ రాయే కదండీ!

జవాబు: రాయే. కాకపోతే మనది ఒకే రాయి, అదీ ఎవరూ పేర్చనిది.

కామెంటు: ఇంతకీ 'జింబాబ్వే'నా, 'జింబాబ్వె'నా?

జవాబు: షోనాలో చివరి నుంచి రెండో అక్షరం సాగుతుంది. 'బా' దీర్ఘం సరిగ్గానే పడింది. చివరిది వాళ్ళ నోట పొట్టిదే. నేనూ పత్రికల అలవాటుకొద్దీ పైనంతా 'బ్వే' అనే రాసేశాను.