‘తీవ్ర మితవాదం’ అంటే ఏమిటసలు?

మాస్టారూ, పేపర్లో ‘ఫ్రాన్స్‌లో తీవ్ర మితవాదుల హవా’ అన్న హెడ్డింగ్ మీద వేలు పెట్టి, ఇంటర్ చదివే మా అబ్బాయి అడిగాడు: “మితమంటే హద్దులో ఉండటం కదమ్మా, మళ్లీ తీవ్రం ఏంటి?” నాకు జవాబు తోచలేదు. వలసలను వ్యతిరేకించే గట్టి జాతీయవాదులను ఇంగ్లీషులో ‘ఫార్ రైట్’ అంటారు కదా, దానికి ఇది సరైన మాటేనా?

కాదమ్మా. మీవాడు సరిగ్గా పట్టుకున్నాడు. మన చరిత్ర పాఠంలో మితవాదులంటే గోఖలే వర్గం, అతివాదులంటే తిలక్ వర్గం. 1907లో సూరత్‌లో విడిపోయారు. అక్కడ మితవాది అంటే అర్జీలతో, చర్చలతో నెమ్మదిగా సాగేవాడు. ఆ మాటనే రైట్ వింగ్‌కీ వాడి, ముందు ‘తీవ్ర’ తగిలిస్తే అర్థం ఎక్కడ నిలుస్తుంది?

రైట్ అన్నది అసలు కూర్చున్న చోటు. 1789లో ఫ్రెంచ్ జాతీయ సభలో రాజుకు పూర్తి వీటో ఉండాలన్నవాళ్లు అధ్యక్షుడికి కుడివైపు చేరారు, కాదన్నవాళ్లు ఎడమవైపు. ఎడమను మనం ‘వామపక్షం’ అని చక్కగా తెచ్చుకున్నాం. కుడిని ‘దక్షిణపక్షం’ అందామంటే దక్షిణాది పార్టీ అనుకుంటారు. నా ఓటు ‘అతి కుడిపక్షం’కే.

అసలు ఈ పార్టీల మీద ‘తీవ్ర’, ‘అతి’ అన్న ముద్ర వేయడమే అన్యాయం, అది తిట్టే అని ఇంకో పాఠకుడు రాశారు. ఫ్రాన్స్‌లో ఈ గొడవ కోర్టుదాకా వెళ్లింది. 2023 సెనేట్ ఎన్నికలకు హోంశాఖ మరీన్ లీ పెన్ అనే నాయకురాలి పార్టీ నేషనల్ ర్యాలీని ‘అతి కుడి’ వర్గంలో చేర్చింది. పార్టీ ఒప్పుకోలేదు. 2024 మార్చిలో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆ అభ్యంతరాన్ని కొట్టేసింది. అంటే ఆ దేశ లెక్కల్లో అది తిట్టు కాదు, వర్గీకరణ.

అయినా ఆ పాఠకుడి బాధలో ఒక న్యాయం ఉంది. తెలుగులో ‘తీవ్ర’ వినగానే ‘తీవ్రవాది’ గుర్తొస్తాడు, చేతిలో తుపాకీతో. వలసలు తగ్గాలని ఓటేసిన మనిషిని ఆ గాటన కట్టకూడదు. జర్మన్లు ఇక్కడ జాగ్రత్త పడ్డారు: రాజ్యాంగం లోపల ఉంటూ గట్టిగా మాట్లాడేవాళ్లను ‘రాడికల్’ అంటారు, ఆ ప్రజాస్వామ్య వ్యవస్థనే కూలదోయాలనేవాళ్లను ‘ఎక్స్‌ట్రీమిస్ట్’ అంటారు. మనకు రెంటికీ ‘తీవ్ర’మే దిక్కయింది. ‘మిత’ అని వాళ్లను చల్లబరచడం తప్పు, ‘తీవ్రవాదులు’ అనడం ఇంకా పెద్ద తప్పు. వాళ్ల పలుకుబడి ఎంత అన్న చర్చ మొదలయ్యేలోపే మన మాట తీర్పు చెప్పేస్తోంది.

చదివి వినిపించాను మాస్టారూ. మరి గోఖలేను కుడిపక్షం అనొచ్చా అంటున్నాడు.

వద్దమ్మా. ఆయన్ని మితవాది అనే అననివ్వండి. ఆ మాట అక్కడ సరిగ్గా సరిపోతుంది.