హెల్పర్ వీసా మీద వచ్చినా, పొక్లెయిన్ ఎక్కమంటున్నారు. ఎక్కేదా?

అన్నలందరికీ నమస్తే. మాది పలమనేరు పక్క పల్లె, కువైట్ వచ్చి మూడు వారాలయింది, మహబూలా క్యాంపులో ఉన్నా. ఊర్లో మూడేళ్లు జేసీబీ తోలినా, చెరువు మట్టి, పైపులైను కాలువలు, మామిడితోటల చదును అన్నీ చేసినా. కాగితంలో మాత్రం హెల్పర్ అని ఉంది. నిన్న ఫోర్‌మన్ పిలిచి "నీకు మిషన్ వచ్చంట కదా, రేపట్నుంచి పొక్లెయిన్ ఎక్కు, జీతం సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఏం చేసేది?

—

ఎక్కొద్దు తమ్ముడూ. నాది రేణిగుంట, ఇక్కడ పదకొండేళ్లుగా ఈ సీట్లోనే ఉన్నా. ముందు నీ వీసా 18 నంబరా, 20 నంబరా చూసుకో. 20 అంటే ఇంటిపని వీసా, దాని మీద కంపెనీ సైట్లో కనిపించడమే తప్పు. 18 అంటే కంపెనీ పని వీసా, అదైతే పర్వాలేదు గానీ అందులో హెల్పర్ అని ఉండగా, ఇక్కడి లైసెన్స్ చేతిలో లేకుండా సీట్లో కూర్చున్నావంటే, పని బాగా జరిగినన్నాళ్లూ నువ్వు ఆపరేటర్‌వి, ఏదన్నా అయిన రోజు మాత్రం చెప్పకుండా మిషన్ ఎక్కిన హెల్పర్‌వి. ఆ ఫోర్‌మన్ నోటిమాట ఆ రోజు ఎవడికీ వినపడదు.

నాకు రెండో ఏడాది జరిగింది చెప్తా. కింద ఏమీ లేదు తవ్వు అన్నారు. బకెట్ పంటికి పసుపు టేపు ముక్క తగులుకుని పైకొచ్చింది, ఏదో పాత కవరులే అనుకున్నా. రెండో బకెట్‌కి కేబుల్ తెగింది. ఆ టేపు వేసేదే కింద కేబుల్ ఉందని చెప్పడానికి, మనూర్లో నేనెప్పుడూ చూసింది లేదు. జనం పరిగెత్తుకొచ్చి మొదట అడిగింది ఎంత లోతు తవ్వావని కాదు, లైసెన్స్ ఏదని. ఉంది కాబట్టి రెండు నెలల జీతంలో కోతతో బయటపడ్డా. అప్పట్నుంచి తవ్వే పర్మిట్ చూపించకుండా, చేత్తో ఒక గుంత తీసి చూడకుండా బకెట్ నేలకి ఆనించను. ఎవడన్నా అరిస్తే అరవనీ.

నువ్వు చేయాల్సింది, మందూబ్‌ని, అంటే కంపెనీ తరఫున వీసా కాగితాల పని చూసేవాడిని, పట్టుకుని వర్క్ పర్మిట్‌లో పని పేరు ఆపరేటర్‌గా మార్పించమను, తర్వాత లైసెన్స్. మనూరి లైసెన్స్ ఇక్కడ పెట్టెలో పెట్టుకోవడానికే. ఆయిల్ సైట్లకి పోవాలంటే బయటి సంస్థ పరీక్ష పెట్టి ఇచ్చే థర్డ్ పార్టీ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ఫోర్‌మన్ మళ్లీ అడిగితే వాట్సాప్‌లో పెట్టమను, పెట్టడు చూడు.

ఇంకోటి, జేసీబీ వచ్చు కాబట్టి పొక్లెయిన్ వచ్చేసినట్టే అనుకోవద్దు. లీవర్ల అమరిక రెండు రకాలు: ఐఎస్ఓ ప్యాటర్న్‌లో బూమ్, అంటే పెద్ద చేయి, కుడిచేతిలో ఉంటుంది, ఎస్ఏఈలో అదే ఎడమచేతికి వస్తుంది. తీరిగ్గా ఉన్నప్పుడు ఎవరైనా సర్దుకుంటారు, మనిషి అడ్డమొచ్చినప్పుడు చేయి పాత అలవాటుకే పోతుంది.

—

అన్న చెప్పింది నిజమే గానీ పిల్లోడిని మరీ భయపెట్టొద్దండి. మాది శ్రీకాళహస్తి, నేనూ హెల్పర్‌గానే వచ్చా. ఏడాది గ్రీజు గన్ పట్టుకున్నా, ఇంకో ఏడాది సిగ్నల్ ఇచ్చినా, మిషన్ గుట్టు తెలిసింది అప్పుడే. తెల్లారి స్టార్ట్ చేసేముందు ఇంజిన్ ఆయిల్, కూలెంట్, హైడ్రాలిక్ ఆయిల్, ట్రాక్ బిగువు చూడు, పిన్నులకి గ్రీజు కొట్టు. ఈ దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ మనూర్లో కన్నా చాలా ముందే మూసుకుపోతుంది. సిగ్నల్ ఇచ్చేటప్పుడు ఆపరేటర్ మొహం నీకు కనిపించాలి, లేదంటే నువ్వు వాడికి కనపడనట్టే. మిషన్ వెనకుండే బరువు, కౌంటర్ వెయిట్, తిరిగే చోట నిలబడి ఫోన్ చూసేవాళ్లని రోజూ చూస్తుంటా, ఏమనాలో తెలియదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని నిషేధం, అప్పుడు పనికి రమ్మంటే అది కూడా తప్పే.

చిత్తూరులో ఇంకా వీసా కోసం తిరుగుతున్న వాళ్లెవరైనా చదువుతుంటే, రిజిస్టర్ అయిన ఏజెంట్ తీసుకోవాల్సిన ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. లక్షన్నర అంటే ఈ-మైగ్రేట్ అనే మన ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వాడి లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడండి. ఎక్కువమంది దగ్గర ఉండదు.

—

అన్నా, ఎక్కనని పొద్దున ఫోర్‌మన్‌కి చెప్పేసినా. మొహం మాడ్చుకున్నాడు, గ్రీజు గన్ చేతికిచ్చి పొమ్మన్నాడు. మందూబ్ ఆదివారం రమ్మన్నాడు. నాకింకా బతాకా, అదే ఇక్కడి సివిల్ ఐడీ కార్డు, రాలేదు, లైసెన్స్‌కి ఇప్పుడే పెట్టొచ్చా?

—

బతాకా వచ్చాకే. ఈలోగా పాస్‌పోర్టు, కాంట్రాక్టు ఫోటోలు తీసి మీ ఇంటికి పంపి పెట్టు. శుక్రవారం అబ్బాసియా వైపు వస్తే ఫోన్ చెయ్యి, సంగటి తిందాం.