టెక్సస్: కారు లోన్ తీరిపోయింది, టైటిల్ మాత్రం దొరకట్లేదు

ప్రశ్న:
డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటున్నాను. వచ్చే నెల ఇండియాకి తిరిగి వెళ్ళిపోతున్నా, ఈలోపు కారు అమ్మాలి. లోన్ ఎప్పుడో తీరిపోయింది, టైటిల్ (కారు ఎవరిదో చూపే పత్రం) పోస్టులో పంపేశాం అని లెండర్, అంటే లోన్ ఇచ్చినవాడు, అంటున్నాడు, కానీ అదే టైములో మేం అపార్ట్‌మెంట్ మారాం, పాత అడ్రస్‌కి పోయిందో, ఏ అట్టపెట్టె అడుగున పడి ఉందో తెలీదు. చేతిలో ఉన్నది లోన్ క్లోజ్ అయిందన్న పీడీఎఫ్ ఒక్కటే. కొనేవాళ్ళు మనవాళ్ళే, అయినా టైటిల్ చూపించందే డబ్బులివ్వం అంటున్నారు, అందులో తప్పేం లేదులెండి. ఇంకో చిక్కేంటంటే టైటిల్ మీద నా పేరూ మా ఆవిడ పేరూ ఉన్నాయి, తను పిల్లల స్కూల్ అడ్మిషన్ కోసం ముందే విజయవాడ వెళ్ళిపోయింది. కౌంటీ టాక్స్ ఆఫీసుకి వెళ్తే మా దగ్గర కాదన్నారు. ఎవరైనా చేయించి ఉంటే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
కౌంటీ వాళ్ళు చెప్పింది కరెక్టే. ఇక్కడ మన ఆర్‌సీలా కాదు కదా, రిజిస్ట్రేషన్ వేరు, టైటిల్ వేరు. పోయిన టైటిల్‌కి సర్టిఫైడ్ కాపీ ఇచ్చేది టెక్సస్ డీఎంవీ (వాహనాల శాఖ) రీజినల్ సర్వీస్ సెంటర్, మీకు క్యారల్టన్‌లో ఉంది. ఫారం వీటీఆర్-34. పోస్టులో అయితే 2 డాలర్లు, నేరుగా వెళ్తే 5.45. మీకున్న టైములో పోస్టు జోలికి పోకండి, ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళండి.

అసలు మెలిక లీన్ దగ్గర, అంటే లోన్ కింద కారు మీద లెండర్‌కి ఉండే హక్కు దగ్గర, ఉంది. డీఎంవీ రికార్డులో లెండర్ పేరు ఇంకా ఉంటే మీ పీడీఎఫ్ పనికిరాదు, ఒరిజినల్ లీన్ రిలీజ్ అడుగుతారు, అంటే విన్ నంబరుతో (మన ఛాసిస్ నంబరు లాంటిది), లెండర్ తరఫున సంతకంతో ఉన్న కాగితం. కస్టమర్ కేర్‌లో ఫోన్ ఎత్తినవాడికి ఇదంతా తెలీదు, మళ్ళీ అదే పీడీఎఫ్ మెయిల్ చేసి చేతులు దులుపుకుంటాడు, టైటిల్ డిపార్ట్‌మెంట్‌కి కలపమనండి. రిలీజ్ ఏ ఫార్మాట్‌లో ఇవ్వాలని వాళ్ళు నసిగితే వీటీఆర్-266 ఫారం పంపండి. కొరియర్ ఖర్చు నేనే పెట్టుకుంటా అంటే పని కాస్త తొందరగా కదులుతుంది. వీసాతో పాటు డ్రైవింగ్ లైసెన్స్ గడువు కూడా అయిపోయి ఉంటే ఐడీగా ఏం చెల్లుతుందో వెళ్ళేముందే కనుక్కోండి.

జవాబు 2:
దానికంటే ముందు ఒకటి కనుక్కోండి, మీది పేపర్ టైటిలా, ఎలక్ట్రానిక్ టైటిలా? ఎలక్ట్రానిక్ అయితే లెండర్ సిస్టమ్‌లో రిలీజ్ చేశాకే డీఎంవీ పేపర్ ప్రింట్ చేసి పంపుతుంది. చివరి పేమెంట్ అందాక 10 పనిదినాల్లో రిలీజ్ చేయాలని టెక్సస్‌లో రూలు కూడా ఉంది. మా ఫ్రెండ్‌కి ఇలాగే పంపేశాం, పంపేశాం అన్నారు, తీరా చూస్తే వాళ్ళు రిలీజే చేయలేదు! పోస్టల్ వాళ్ళని తిట్టుకోవడం అనవసరం అయింది.

జవాబు 3:
మేడమ్‌గారి సంతకం సంగతి: ఫారం వీటీఆర్-271, లిమిటెడ్ పవర్ ఆఫ్ అటార్నీ. ఆవిడ సంతకం చేసి పంపితే ఆవిడ తరఫున మీరు సంతకం పెట్టొచ్చు. స్కాన్‌తో సరిపెట్టకుండా ఒరిజినల్‌నే ఐడీ కాపీతో కలిపి కొరియర్‌లో తెప్పించుకోండి, అన్నిటికంటే లేటయ్యేది అదే, ఈరోజే పంపమనండి. కొత్త కాపీ తీసుకున్నాక పాతది ఏ పెట్టెలోనో దొరికితే దాని మీద సంతకం పెట్టి ఎవరికీ ఇవ్వకండి, అది ఇక చెల్లదు. అమ్మేరోజు కొనేవాళ్ళతో కలిసి కౌంటీ ఆఫీసుకే వెళ్ళి 130-యూ ఫారంతో అక్కడే బదిలీ చేయించడం మేలు. కుదరకపోతే కారు అమ్మేశామని డీఎంవీకి తెలిపే వెహికల్ ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్ అయినా 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో పెట్టేయండి, లేకపోతే వాళ్ళు తిరిగిన టోల్ బిల్లులు మీ పేరు మీద వస్తాయి.

జవాబు 4:
ఇదే సమస్య నాకు కాలిఫోర్నియాలో, ఇవే ఫారాలు సరిపోతాయా?

జవాబు 1 మళ్ళీ:
లేదండి, ఏ స్టేట్ ఫారం దానిదే. మీకు రెగ్ 227. లెండర్ పేరు రికార్డులో ఉంటే అందులో వాళ్ళు రిలీజ్ చేసే భాగం ఉంటుంది, దానికి నోటరీ కావాలి. అది మొదలుపెట్టండి.