రేసు కొరొల్లా, మన ఇంటి ముందున్న కొరొల్లా ఒకటేనా?

లెస్టర్_నాన్న:
మొన్న మా అబ్బాయిని డోనింగ్టన్ పార్క్‌కి తీసుకెళ్లాను, బ్రిటిష్ టూరింగ్ కార్ల రేసు చూపిద్దామని. మా ఇంట్లోనూ టయోటా కొరొల్లానే. అందుకని వాడు అక్కడి కొరొల్లా దగ్గర నుంచి కదల్లేదు. పై కప్పు, తలుపులు, హెడ్‌లైట్లు అన్నీ మన కారువే అనిపించాయి. చక్రం తీసి ఉంటే వంగి చూశాను. మన కారులో ఒక్క స్ట్రట్ (చక్రాన్ని పట్టి ఉంచే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఉన్న నిలువు కడ్డీ) ఉండే చోట పైనా కిందా రెండు విష్‌బోన్లు, అంటే చీలిన చేతుల్లాంటి కడ్డీలు! 2011లో ఈ రేసులకి వచ్చిన ఎన్‌జీటీసీ రూల్స్ ప్రకారం సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్ బిగించే కింది చట్రం), బ్రేకులు, ఎక్స్‌ట్రాక్ కంపెనీ ఆరు గేర్ల గేర్‌బాక్స్ అందరికీ ఒకటే. కావాలంటే ఇంజిన్ కూడా సిరీస్ వాళ్ల దగ్గరే అద్దెకు దొరుకుతుంది. మరి దాన్ని కొరొల్లా అని ఎందుకు పిలవాలి? నా దృష్టిలో అది కొరొల్లా ముసుగు వేసుకున్న వేరే కారు.

మూడో_గేరు:
ముసుగు అనకండి సార్, అన్యాయం. ముసుగంటే 2023 నుంచి ఆస్ట్రేలియా సూపర్‌కార్స్ రేసుల్లో నడుస్తున్న మస్టాంగ్, కమారో. లోపల ఇనుప గొట్టాల ఫ్రేము, దాని మీద ఆకారం. బ్రిటన్‌లో అలా కాదు, ఫ్యాక్టరీలో తయారైన బాడీతోనే మొదలుపెట్టాలి. రోడ్డు కారులో ఇంజిన్ ముందు చక్రాలను తిప్పితే రేసులోనూ ముందు చక్రాలనే తిప్పాలి. స్టార్ట్‌లో బీఎండబ్ల్యూలు ఎందుకంత దూకుతాయి? వాటికి వెనక చక్రాల డ్రైవ్ కాబట్టి. ఆ తేడా షోరూమ్ నుంచి వచ్చిందే.

పాత_పిట్‌లేన్:
ఇద్దరూ రేసు కారు రోడ్డు కారుని ఎంత పోలి ఉందనే చూస్తున్నారు. గ్రూప్ ఏ అనే పాత రేసు రూల్స్ రోజుల్లో లెక్క తిరగబడి ఉండేది. రేసుకి ఏం కావాలో అది ముందు జనానికి అమ్మే కారులో పెట్టాలి. ఏడాదిలో 5,000 కార్లు, మార్పులు చేసిన ఎవల్యూషన్ మోడల్ అయితే ఇంకో 500. బీఎండబ్ల్యూ ఈ30 ఎం3ని పక్క నుంచి చూడండి. మామూలు 3 సిరీస్ కంటే వెనక అద్దం ఇంకా వాలుగా పడుకుని ఉంటుంది, డిక్కీ మూత ఎత్తు ఎక్కువ. గాలి వెనక స్పాయిలర్ మీదకి సరిగ్గా పారాలని రేసు కోసం చేసిన మార్పు అది.

ఇంకా చిత్రం 1987 ఫోర్డ్ సియెర్రా ఆర్‌ఎస్500. బానెట్ ఎత్తితే ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు రెండో వరసలో ఇంకో నాలుగు కనిపిస్తాయి. రోడ్డు మీద అవి అసలు పనిచెయ్యవు! రేసు టీములు వాడుకోవడానికని ఆ 500 కార్లలోనూ బిగించారు. కొన్నవాళ్ల డ్రైవ్‌వేలో నిజంగానే రేసు కారు భాగాలు ఉండేవి.

1994లో బ్రిటిష్ టూరింగ్ కార్ల రేసుల్లో ఆల్ఫా రోమియో 155 గొడవ కూడా దీని మీదే. 2,500 కార్లు అమ్మి, స్పాయిలర్‌ని పెంచే ముక్కలు డిక్కీలో పెట్టి ఇచ్చారు. రేసులో వాటిని బిగించుకుని వస్తే మిగతా టీములు ఒప్పుకోలేదు. అధికారులు తీసెయ్యమనేసరికి ఆల్ఫా ఔల్టన్ పార్క్ నుంచి సామాను సర్దుకుని వెళ్లిపోయింది. తర్వాత రాజీపడి తిరిగొచ్చారు, వాళ్ల డ్రైవర్ తార్క్వీని టైటిల్ కూడా గెలిచాడు. మరుసటి ఏడాది నుంచి వింగులు అందరికీ ఇచ్చేశారు. జనానికి అమ్మాలన్న షరతు సడలించిన కొద్దీ ఆ పోలిక కూడా పోయింది. నాకు బాధ అక్కడే.

మూడో_గేరు:
అది ఒప్పుకుంటాను. కానీ టీసీఆర్ అనే ఇంకో టూరింగ్ కార్ల రేసు పద్ధతిని మర్చిపోవద్దు. 2015లో మొదలైంది, ఉత్పత్తి కారు టర్బో ఇంజినే, ముందు స్ట్రట్లే. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌ని షోరూమ్ కారులో వచ్చే డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో కూడా పరిగెత్తించారు.

లెస్టర్_నాన్న:
టీసీఆర్ సంగతి నిజమే. పాత_పిట్‌లేన్ గారూ, ఆ ఇంజెక్టర్ల కథ చదివాక రాత్రి టార్చ్ పట్టుకుని మా కారు చక్రం వెనక అబ్బాయికి చూపించాను. ఒక్క స్ట్రటే ఉంది. వాడు కాసేపు చూసి, తలుపు మీద చెయ్యేసి "ఇదైతే అదే కదా నాన్నా" అన్నాడు. అవునని చెప్పాను. పేరు విషయంలో మాత్రం నా మాట మారలేదు.