మైనర్ల దొంగతనాలు: కాలనీ డబ్బు కెమెరాలకా, పిల్లలకా?

కాజీపేట వాసి: గ్రేటర్ వరంగల్‌లో ఒక కాలనీ సంఘం ఆదివారం కూర్చుంటోంది. బోరు మోటార్ల రాగి వైర్లు, బైకుల బ్యాటరీలు పోతున్నాయి. కమ్యూనిటీ హాలు వెనక మత్తు కోసం పీల్చి పారేసిన పంక్చర్ సొల్యూషన్ ట్యూబులు, లోపలంతా జిగురు అంటిన పాలిథిన్ కవర్లు దొరుకుతున్నాయి. చేస్తున్నది 13 నుంచి 17 ఏళ్ల పిల్లలు. ఉన్న డబ్బు దేనికి పెట్టాలి?

మట్టెవాడ మనిషి: కెమెరాలకే. నిఘా లేకుంటే ఎన్ని మీటింగులు పెట్టినా వైరు పోతనే ఉంటది. పోలీసులకు ఆధారం కావాలి, పిల్లగాళ్లకు భయం ఉండాలి.

బస్తీ కార్యకర్త: అన్నా, ఆధారం దొరికినంక ఏం జరుగుతుందో కూడా చూడాలె. సాధారణ దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు, కాబట్టి 2015 బాలల న్యాయ చట్టం లెక్కలో అది చిన్న నేరం. పెద్దవాళ్లతో కలిసి చేస్తే తప్ప ఎఫ్‌ఐఆర్ ఉండదు. స్టేషన్ జనరల్ డైరీలో రాసి, పిల్లవాడి సామాజిక నేపథ్య నివేదికను పిల్లల కేసులు చూసే జువెనైల్ బోర్డుకు పంపుతారు. అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. లాకప్‌లో పెట్టొద్దు, బేడీలు వేయొద్దు.

పని చెడేది ఆ నివేదిక దగ్గరే. బడి ఎప్పుడు మానాడు, ఇంట్లో ఎవరున్నారు, ఏ మత్తు అలవాటైంది అన్నవి చెప్పేవాళ్లు లేకపోతే, కోపంగా ఉన్న పక్కింటివాళ్లు చెప్పిందే కాగితం మీదికి ఎక్కుతుంది. బోర్డు దాన్ని చూసే నిర్ణయం తీసుకోవాలి.

హన్మకొండ చదువరి: 16 నిండితే పెద్దల్లా విచారించొచ్చు కదా?

బస్తీ కార్యకర్త: కనీస శిక్ష ఏడేళ్లున్న ఘోర నేరాలకే, అదీ బోర్డు ప్రాథమికంగా అంచనా వేసినంకనే. రాగి వైరుకు అది వర్తించదు.

అసలు ఆ వైరు కొనేదెవరు? పిల్లలు ప్లాస్టిక్ తొడుగు కాల్చి రాగి తీస్తారు. కాలిన రాగి నల్లబడుతుంది. పాత సామాన్ల కొట్టాయనకు ఆ రంగు చూస్తేనే సంగతి తెలిసిపోతుంది, తక్కువ ధరకు తూకం వేస్తాడు. పిల్లలతో నేరం చేయించే పెద్దలకు అదే బాలల న్యాయ చట్టం 83వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు, 5 లక్షల జరిమానా ఉన్నాయి. ఫిర్యాదులో ముందు రావాల్సింది ఆ కొనేవాడి సంగతి.

నర్సమ్మ: ఒక్క మాట, దయచేసి అందరూ వినండి. సొల్యూషన్ పీల్చిన పిల్లవాణ్ణి తరమొద్దు, అరిచి బెదిరించొద్దు. ఆ మత్తులో ఒక్కసారిగా భయపడినా, పరుగెత్తినా గుండె లయ తప్పి అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. కవరు మెల్లగా తీసుకొని, గాలి తగిలేచోట కూర్చోబెట్టి, తేరుకునేదాకా పక్కనే ఉండండి. స్పృహ తప్పితే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఆ సొల్యూషన్ గంజాయిలా నిషేధ సరుకు కాదు. అందుకే పంక్చర్ షాపులతో, కిరాణా కొట్లతో మాట్లాడి పిల్లలకు అమ్మకుండా ఒప్పించాలి.

మట్టెవాడ మనిషి: ఇది నాకు తెలియదమ్మా. సరే, కెమెరాలు రెండే పెడదాం: ఒకటి మోటార్ల దగ్గర, ఇంకోటి పాత సామాన్ల కొట్టుండే సందు మొదట్ల. మిగతా డబ్బు దేనికి?

బస్తీ కార్యకర్త: సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా హాలు తెరిచి ఉంచడానికి. లైటు, క్యారమ్ బోర్డు, నెల జీతంతో ఒక మనిషి. వాలంటీరు చాలడు, మూడోవారం నుంచి రాడు, హాలుకు మళ్లీ తాళం పడుతుంది. బడి మానినవాళ్లకు 14 నిండితే తెలంగాణ ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టించొచ్చు. వారం రోజులు వరుసగా బడికి రానివాళ్ల సంగతి హెడ్మాస్టరును అడగాలి. ఇంటికి ఇద్దరే పోవాలి, గుంపుగా పోతే తలుపు తీయరు.

హన్మకొండ చదువరి: ఆ పేర్లు కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడితే అందరం కనిపెట్టుకొని ఉంటాం కదా?

బస్తీ కార్యకర్త: వద్దే వద్దు. కేసులో ఉన్న పిల్లవాడి పేరు, ఫొటో, బడి బయటపెడితే అదే చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, రెండూ పడొచ్చు. కేసు లేకున్నా, "దొంగ" అన్న ముద్ర గ్రూపులో పడితే రేపు ఏ మెకానిక్ షాపులోనూ పని దొరకదు. ఆ పిల్లల పేర్లు రాసే రిజిస్టరు ఒక్కటే ఉండాలి, అంగన్‌వాడీ టీచరు దగ్గర, తాళంలో.

మట్టెవాడ మనిషి: టీచరు మీద కార్పొరేటర్ మనుషులు ఒత్తిడి తెస్తే? హెడ్మాస్టరు దగ్గరుంటేనే భద్రం అంటాను. ఆదివారం ఇది తేలాకనే డబ్బు సంగతి మాట్లాడుదాం.