పక్కవాద్యం లేకుండా రాగం, తానం: 40 నిమిషాలు ఒంటరిగా వాయించడం ఎలా?

ప్రశ్న (వీణ విద్యార్థిని):
వచ్చే నెల ఒక సభలో మృదంగం, వయొలిన్ లేకుండా, తంబురా శ్రుతి ఒక్కటే పెట్టుకుని, కల్యాణి రాగంలో ఆలాపన (తాళం లేకుండా రాగాన్ని విస్తరించడం), తానం (దాన్నే లయతో నడపడం) కలిపి 40 నిమిషాలు వాయించవలసి ఉంది. కీర్తనకైతే సాహిత్యమే దారి చూపుతుంది. ఆలాపనలో మాత్రం పదో నిమిషానికే వేళ్ళు అలవాటైన సంచారాల్లోకి (స్వరాల నడకల్లోకి) జారిపోతున్నాయి, అది శ్రోతలు పసిగడుతున్నారేమోనన్న బెరుకుతో చేయి మరింత బిగుసుకుంటోంది. ఇంట్లో సాధన చేసిన సంచారాలనే వరుసగా వాయిస్తే మోసమవుతుందా?

వైణికురాలు:
మోసమేమీ కాదమ్మా, కానీ వరుసలో ఒకటి మరిచిపోతే మిగిలినవన్నీ చెదిరిపోతాయి. సంచారాలకు బదులు మజిలీలు నిర్ణయించుకోండి. మొదటి కొన్ని నిమిషాలు గాంధారం దాటకండి. ఆ తరువాత షడ్జ పంచమాలను (స, ప) వదిలేసి ‘నిరిగమదని’ అంటూ నడిచే వీలు కల్యాణిలో ఎంతో ఉంది. తీగను లాగి వదిలాక నాదం పూర్తిగా అణిగేదాకా ఆగండి. ఆ నిశ్శబ్దానికి జంకి వెంటనే ఇంకో మీటు వేసినప్పుడే చెప్పిందే చెప్పడం మొదలవుతుంది. తానం గురించి దిగులు వద్దు, చిటికెన వేలు తాళపు తీగలను మీటుతుంటే తోడు దానంతటదే వస్తుంది.

ఒక శ్రోత:
1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్ ఒపేరా హౌస్‌లో అమెరికన్ జాజ్ పియానో కళాకారుడు కీత్ జారెట్‌కు తాను కోరిన పియానో దొరకలేదు. ఉన్న చిన్న పియానోలో పై స్థాయి పలచగా పలికేది కాబట్టి ఆయన ఎక్కువగా మధ్యస్థాయిలోనే ఉండి, ఎడమచేత్తో మళ్ళీ మళ్ళీ వాయించే వరుసలను ఆసరా చేసుకుని, గంటకు పైగా అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయారు. గాంధారం దాటవద్దన్న పై సలహా చదవగానే నాకు అదే గుర్తుకు వచ్చింది.

మరో వైణికుడు:
ఒకసారి వేదికమీది దీపాల వేడికి నా సారణి (స్వరాలు పలికే ప్రధాన తీగ) శ్రుతి కాస్త దిగిపోయింది. ఆలాపన మధ్యలో బిరడ (తీగ బిగించే మర) ముట్టుకోవడానికి మొహమాటపడి, ప్రతి స్వరాన్నీ కొంచెం లాగి సరిచేస్తూ నెట్టుకొచ్చాను. ఆ లాగుడులోనే ధైవతం దగ్గర అంతకుముందెన్నడూ వాయించని సంచారం ఒకటి దొరికింది, ఒళ్ళు పులకరించింది. ఇంటికి వెళ్ళి ఎంత వెదికినా అది మళ్ళీ రాలేదు. ఒంటరి కచేరీ ఒప్పుకుంటున్నది అలాంటి వాటి కోసమే, అయినా శ్రుతి తప్పితే మీరు మాత్రం మొహమాటం లేకుండా బిరడ తిప్పండి.

వీణ విద్యార్థిని:
అందరికీ కృతజ్ఞతలు. మరి గడియారం ఎక్కడ పెట్టుకోవాలి?

వైణికురాలు:
ఎడమ మోకాలి ముందు. వీణ మెట్లమీది చూపు పెద్దగా మరల్చనక్కరలేదు.