జీఆర్‌బీ 221009ఏ: స్విఫ్ట్ డబ్ల్యూటీ (విండోడ్ టైమింగ్) మోడ్‌లో బ్యాక్‌గ్రౌండ్ ఎక్కడ తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టుకు 2022 అక్టోబరు 9 నాటి గామా కిరణ పేలుడు (జీఆర్‌బీ) తీసుకున్నాను. ఇంత ప్రకాశవంతమైనది ఇప్పటిదాకా రికార్డు కాలేదు, అందుకే దీన్ని వదలబుద్ధి కావడం లేదు. ఇక్కడ ఈ డేటా మీద పనిచేసినవాళ్ళు ఎవరూ దొరకలేదు.

వాడుతున్నది స్విఫ్ట్ ఉపగ్రహంలోని ఎక్స్‌-రే టెలిస్కోప్ డేటా, దాన్ని విశ్లేషించే హీసాఫ్ట్ సాఫ్ట్‌వేర్. టైమింగ్ చిక్కు తీరింది: ఫెర్మి ఉపగ్రహం ట్రిగ్గర్ (అది పేలుడును గుర్తించిన క్షణం) 13:17:00 యూటీ (ప్రపంచ సమయం), స్విఫ్ట్ ట్రిగ్గర్ 14:10:17. సున్నా సమయాన్ని ఫెర్మికి మార్చి 3197 సెకన్లు కలిపాక ఆఫ్టర్‌గ్లో (పేలుడు తర్వాత మిగిలే కాంతి) లైట్ కర్వ్ లాగ్-లాగ్ గ్రాఫ్‌లో చక్కగా కూర్చుంది.

టెన్షన్ అంతా స్పెక్ట్రమ్‌తోనే. పేలుడు దిశ పాలపుంత తలానికి దగ్గర కాబట్టి మధ్యలో ఉన్న ధూళి ఎక్స్‌-కిరణాలను చెదరగొట్టి వలయాలు చేసింది. ఫోటాన్ కౌంటింగ్ మోడ్ చిత్రంలో అవి కంటికే కనిపిస్తాయి, గంటలు గడిచేకొద్దీ వెడల్పవుతాయి. వాటిని తప్పించి బ్యాక్‌గ్రౌండ్ (సోర్సు కౌంట్ల నుంచి తీసివేయాల్సిన నేపథ్యం) తీసుకోగలిగాను. విండోడ్ టైమింగ్ మోడ్‌లో మాత్రం చిత్రమంతా ఒకే గీతగా నలిగిపోతుంది, వలయం ఎక్కడుందో తెలియదు. ఫిట్‌లో 2 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కింద కౌంట్లు మోడల్ కంటే పైకి లేస్తున్నాయి.

పైలప్ (ఒకేసారి పడ్డ పలు ఫోటాన్లు ఒకటిగా లెక్కకు రావడం) కారణమేమోనని మధ్య పిక్సెళ్ళు తీసేశాను, తేడా లేదు. గ్రేడ్ 0 (ఒక్క పిక్సెల్‌లోనే నమోదైన కౌంట్లు) మాత్రమే ఉంచితే 1 కిలో ఎలక్ట్రాన్ వోల్టు కింద కాస్త తగ్గింది, మిగతాది అలాగే ఉంది. బ్యాక్‌గ్రౌండ్‌ను గీత చివర్లకు జరిపితే ఫోటాన్ ఇండెక్స్ (స్పెక్ట్రమ్ వాలు) ప్రతిసారీ మారుతోంది.

డబ్ల్యూటీ మోడ్‌లో వలయాల కౌంట్లు కూడా సరిగ్గా తీసివేయబడాలంటే బ్యాక్‌గ్రౌండ్‌ను సోర్సుకు ఎంత దూరంలో, ఎంత వెడల్పుతో తీసుకోవాలి?